వాన్ గో స్వీయచిత్రానికి నకలు వేస్తూ ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోవడం ఎలా?

"పోలిక కుదురుతోంది, కానీ ముఖంలో ప్రాణం ఉండట్లేదు. ఏం చేయాలి?" ఆయిల్ రంగులతో ముఖాలు వేయడం మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, చివరికి ఇలా వరసగా రాసిపెడుతున్నాను.

నేను చెప్పే ఉపాయం ఒక్కటే. పాత చిత్రకారుడి ముఖచిత్రం ఒకటి తీసుకుని నకలు వేయండి. కానీ ముఖాన్ని కాదు, ఆ ముఖం మీద ఆయన చెయ్యి ఎలా కదిలిందో దాన్ని నకలు చేయండి. బ్రష్ ఎక్కడ ఆనింది, ఎటు లాగారు, ఎక్కడ ఎత్తేశారు, ఎంత రంగు వదిలారు అన్నదే మీ పాఠం. మన దగ్గర కీర్తన నేర్చుకునేటప్పుడు ముందు గురువు పాడినట్టే పాడతాం కదా, గమకంతో సహా. ఇదీ అలాంటిదే. డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో కూడా ఇదే పని చేశారు. 1889లో సెయింట్ రెమీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫ్రెంచ్ చిత్రకారులు మిల్లే, డెలాక్రా చిత్రాల నలుపు తెలుపు ప్రింట్లు ఎదురుగా పెట్టుకుని, వాటికి తన రంగులు వేసుకుంటూ నకళ్లు గీశారు. బీథోవెన్ సంగీతాన్ని ఒక వాద్యకారుడు తన పద్ధతిలో వాయించడంతో ఆ పనిని పోల్చి తమ్ముడు థియోకి ఉత్తరం రాశారు.

అందుకే మన పాఠానికి ఆయన చిత్రాన్నే ఎంచుకున్నాను. 1889లో వేసుకున్న స్వీయచిత్రం, ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది. నీలం చొక్కా, చేతిలో పాలెట్, బ్రష్‌లు, వెనక ముదురు నీలం. ఆ జులైలో జబ్బు తిరగబెట్టి, వారాల తరబడి రంగులు ముట్టలేక, మంచం దిగగానే మొదలుపెట్టిన బొమ్మ అది. తాను అప్పుడు చిక్కిపోయి, పాలిపోయి ఉన్నానని ఆయనే రాశారు. ముఖంలో ఆ పాలిపోవడం ఆకుపచ్చ గీతల్లో కనిపిస్తుంది. రెంబ్రాంట్ లాంటివాళ్ల బొమ్మల్లో పొర మీద పొర ఉంటుంది, పై నుంచి చూసి లోపల ఏముందో తెలుసుకోవడం కష్టం. ఇందులో చాలాభాగం బ్రష్ గుర్తులు పైకే కనిపిస్తాయి. కొత్తవాళ్లకి అది పెద్ద మేలు.

ఏమేం కావాలి

రంగులు: టైటానియం వైట్ (పెద్ద ట్యూబ్ కొనండి, మిగతావాటికంటే మూడింతలు ఖర్చవుతుంది), అల్ట్రామరీన్ బ్లూ, ప్రష్యన్ బ్లూ, విరిడియన్ గ్రీన్, యెల్లో ఓకర్, క్రోమ్ యెల్లో లేదా క్యాడ్మియం యెల్లో, వెర్మిలియన్, క్రిమ్సన్. నలుపు వద్దు. ఫ్లెష్ టింట్ అని దొరికే ట్యూబ్ అసలే వద్దు. స్టూడెంట్ రకం రంగులు సరిపోతాయి, తెలుపు ఒక్కటి మాత్రం కాస్త మంచిది తీసుకోండి.

బ్రష్‌లు: గట్టి వెంట్రుకల హాగ్ బ్రష్‌లు, ఫ్లాట్‌లో 4, 6, 8, 10 నంబర్లు, సన్నని రౌండ్ ఒకటి. మెత్తని నైలాన్ బ్రష్ మందపు రంగుని మోయలేదు, వంగిపోతుంది.

మిగతావి: 12 × 16 అంగుళాల కాన్వాస్ బోర్డు, పాలెట్ నైఫ్, టర్పెంటైన్, కొద్దిగా లిన్‌సీడ్ ఆయిల్, పాత నూలు గుడ్డలు, పాత న్యూస్‌పేపర్లు, ట్రేసింగ్ పేపర్ రెండు షీట్లు, స్కేలు. పాలెట్ లేకపోతే గాజు పలక చాలు, కింద బూడిదరంగు కాగితం పెట్టండి.

పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు మూడు. ఒకటి, నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయకండి. లిన్‌సీడ్ ఆయిల్ గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ముద్ద తనంతట తానే అంటుకోవచ్చు. నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి, లేదా బయట పరిచి ఆరేయండి. రెండు, టర్పెంటైన్‌తో పనిచేసేటప్పుడు కిటికీలు తెరవండి. ఏసీ వేసి తలుపులు బిగించిన గదిలో, పసిపిల్లలున్న గదిలో వద్దు. మూడు, మనం చేత్తో అన్నం తింటాం. క్రోమ్, క్యాడ్మియం రంగులు గోళ్ల సందుల్లో ఉండిపోతాయి. గ్లౌజులు వేసుకోండి, లేదా సబ్బుతో గోళ్లు రుద్దుకున్నాకే కంచం ముందు కూర్చోండి.

1. మంచి ప్రింటు సంపాదించండి

ఆ గ్యాలరీ వెబ్‌సైట్‌లో ఈ చిత్రం పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతుంది. వాట్సాప్‌లో వచ్చినవి, గోడ పోస్టర్ల ఫొటోలు వాడకండి. వాటిలో రంగు పెంచేసి ఉంటారు. ఫొటో ల్యాబ్‌లో ఏ4 మీద మ్యాట్ ప్రింటు, బొమ్మ వెడల్పు 21 సెం.మీ. వచ్చేలా తీయించండి. విడిగా కంటి భాగం, బుగ్గ భాగం, నేపథ్యంలో ఒక ముక్క, ఈ మూడూ పెద్దవి చేసి ప్రింటు తీసుకోండి. ఫోన్‌లో చూసేటప్పుడు నైట్ మోడ్ తీసేయండి, లేకపోతే నీలాలన్నీ పసుపు తిరుగుతాయి.

2. బ్రష్ పట్టకుండా ఒక పూట

అందరూ దాటేసే మెట్టు ఇది, నా దృష్టిలో సగం చదువు ఇక్కడే ఉంది. ప్రింటు మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, పెన్సిల్‌తో ప్రతి బ్రష్ గుర్తునీ ఒక బాణంలా గీయండి. తల ఆకారం గీయకండి, కన్ను గీయకండి. బాణాలే. రంగు చిక్కగా మొదలై పలచబడిన చోట బాణం ఆ వైపుకి. గీత చివర రంగు గట్టులా లేచి ఉంటే అక్కడ చిన్న చుక్క.

ఒక పావుగంట ఏమీ అర్థం కాదు. తర్వాత మెల్లగా కనపడడం మొదలవుతుంది. నేపథ్యంలో గీతలు తల చుట్టూ తిరుగుతున్నాయి. జుట్టులో, గడ్డంలో గీతలు వెంట్రుక పెరిగే దిక్కునే పోతున్నాయి. ముక్కు దగ్గర ఒక దిక్కు, బుగ్గ ఎముక మీద ఇంకో దిక్కు. ముఖం ఎటు వంగితే బ్రష్ అటు వంగింది. కొలిమి దగ్గర రేకుని వంచినట్టు, గీతతోనే గుండ్రదనం తెచ్చారు, నీడలు పులిమి కాదు.

ఈ పేపర్ పూర్తయ్యాక ప్రింటు తీసేసి బాణాల్ని మాత్రమే చూడండి. ఆ బాణాల్లోనే తల కనిపిస్తే మీరు సరిగ్గా చూశారు. కనిపించకపోతే ఇంకో పేపర్ మీద మళ్లీ గీయండి. ఇది రాకుండా రంగుల జోలికి వెళ్లకండి.

3. నలుపు తెలుపులో చూడండి

ఫోన్‌లో ఆ ఫొటోని నలుపు తెలుపు చేసి, కళ్లు సగం మూసి చూడండి. వెలుగు, మధ్యరకం, చీకటి, ఈ మూడు భాగాలుగా అరచేయంత కాగితం మీద గీసుకోండి. పది నిమిషాల పని. పాలిపోయిన ముఖం ముదురు నేపథ్యంలోంచి ఎంత బయటికి వస్తోందో ఇక్కడ తెలుస్తుంది.

4. బోర్డు సిద్ధం చేయడం

బజారులో దొరికే చాలా కాన్వాస్ బోర్డులు రంగులోని నూనెని పీల్చేసుకుంటాయి, వేసిన రంగు మర్నాటికి సున్నం కొట్టినట్టు వెలవెలబోతుంది. పైన ఇంకో రెండు పూతలు గెస్సో (రంగు వేసే ముందు బోర్డుకి పూసే తెల్ల పూత) వేయండి, ఒకటి అడ్డంగా, అది ఆరాక ఇంకోటి నిలువుగా. మర్నాడు సన్నని ఎమెరీ పేపర్‌తో మెల్లగా రుద్దండి.

5. గళ్లు గీసి బొమ్మ దించండి

అసలు చిత్రం సుమారు 57 సెం.మీ. ఎత్తు, 44 సెం.మీ. వెడల్పు. మన బోర్డు అంతకంటే చిన్నది, అదే మంచిది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో 1793 నుంచీ చిత్రకారులు నకళ్లు వేసుకుంటున్నారు, అక్కడ కూడా నకలు అసలు సైజులో ఉండకూడదన్నది నియమం.

ప్రింటు మీద 3.5 సెం.మీ. గళ్లు, బోర్డు మీద 2 అంగుళాల గళ్లు గీయండి. అడ్డంగా సరిగ్గా ఆరు గళ్లు వస్తాయి. నిలువుగా ఎనిమిదికి కాస్త తక్కువ వస్తుంది, బోర్డు అడుగున సుమారు ఒక సెంటీమీటరు పట్టీ మిగులుతుంది. దాన్ని వదిలేయండి. బొమ్మని సాగదీసి అక్కడిదాకా తెచ్చారంటే వాన్ గో ముఖం పొడుగైపోతుంది.

గళ్లు లేత పెన్సిల్‌తో, బొమ్మ మాత్రం టర్పెంటైన్‌లో పలచగా కలిపిన అల్ట్రామరీన్‌తో సన్నని బ్రష్ పట్టి గీయండి. కనురెప్పల వెంట్రుకలు, గడ్డంలో పాయలు ఇప్పుడొద్దు. తల, భుజాలు, కళ్ల గీత, ముక్కు అడుగు, నోటి గీత, పాలెట్ అంచు ఉంటే చాలు. అద్దంలో తిప్పి చూసి, వంకర ఉంటే ఇప్పుడే గుడ్డతో తుడిచి దిద్దుకోండి. రంగు పడ్డాక దిద్దడం చాలా కష్టం.

6. రంగులు ముందే కలిపి పెట్టుకోండి

మధ్యలో ఆగి కలుపుకుంటే చెయ్యి ఊపు పోతుంది. అందుకే అన్నీ ముందే కలపండి, పాలెట్ నైఫ్‌తో, బ్రష్‌తో కాదు.

నేపథ్యానికి నిమ్మకాయంత ముద్దలు మూడు: అల్ట్రామరీన్‌లో కొద్దిగా క్రిమ్సన్, అందులోనే ప్రష్యన్ బ్లూ కలిపిన ముదురు రకం, తెలుపు కలిపిన తేలిక రకం. ముఖానికి ఉసిరికాయంత ముద్దలు ఐదు: తెలుపులో కాస్త ఓకర్; తెలుపు, ఓకర్, చిటికెడు విరిడియన్ కలిపిన లేత ఆకుపచ్చ; దానికంటే ముదురు ఆకుపచ్చ; ఓకర్‌లో వెర్మిలియన్ కలిపిన వెచ్చని రంగు; నీడకి విరిడియన్, క్రిమ్సన్, కాస్త అల్ట్రామరీన్ కలిపినది. జుట్టుకి, గడ్డానికి క్రోమ్ యెల్లో, ఓకర్, వెర్మిలియన్‌తో నాలుగు రకాలు.

ప్రష్యన్ బ్లూ గడుసు రంగు. అగ్గిపుల్ల మొనంత చాలు, ఎక్కువైతే ముద్దంతా మింగేస్తుంది. టైటానియం వైట్ కూడా అంతే, వాన్ గో కాలంలో వాడిన తెలుపులకంటే బలమైనది. రంగు పాలిపోయి సుద్దలా అయితే తెలుపు తగ్గించండి.

చిక్కదనం గోరింటాకు ముద్దలా ఉండాలి. నైఫ్‌తో ఎత్తితే నిలబడాలి, జారకూడదు. ట్యూబ్‌లోంచి వచ్చిన రంగు మామూలుగా అలాగే ఉంటుంది, నూనె కలపక్కర్లేదు. మరీ గట్టిగా ఉంటే ఒక్క చుక్క.

ప్రతి ముద్దనీ నైఫ్ మొనతో కాస్త తీసి ప్రింటు పక్కన పట్టి చూడండి, పగటి వెలుగులో. పసుపు బల్బు కింద కలిపితే పొద్దున లేచేసరికి ముఖం ఇంకోలా ఉంటుంది. ఒక మాట గుర్తుంచుకోండి: నేపథ్యం ముదురు ఊదా నీలం అని వాన్ గో రాశారు. ఆయన చిత్రాలు చాలావాటిలో క్రిమ్సన్ లాంటి ఎర్ర 'లేక్' రంగులు కాలంతో వెలిసి, ఊదాలు నీలాలుగా మారాయి. కాబట్టి క్రిమ్సన్ కాస్త ఎక్కువేసిన ముద్ద కూడా ఒకటి కలిపి చూడండి. ఏది వాడాలన్నది మీ ఇష్టం.

7. నేపథ్యంతో మొదలుపెట్టండి

కళ్లతో మొదలుపెట్టాలని చెయ్యి లాగుతుంది. వద్దు. తెల్ల బోర్డు మీద ఏ చర్మపు రంగు పెట్టినా ముదురుగానే కనిపిస్తుంది, భయపడి తెలుపు కలిపేస్తారు. చుట్టూ నీలం పడ్డాకే ముఖం రంగు నిజం చెబుతుంది. 10 నంబరు బ్రష్‌తో తల చుట్టూ, మీ బాణాల పేపర్ చూసుకుంటూ వేయండి. తల అంచుని కొంచెం మింగినా పర్లేదు, తర్వాత ముఖం రంగుతో వెనక్కి లాక్కోవచ్చు. చొక్కా కూడా ఇదే పూటలో, కొంచెం పలచగా.

8. ముఖం

దీనికి రెండు గంటలు ఎవరూ పిలవని సమయం చూసుకోండి. 6, 8 నంబర్ బ్రష్‌లు. వేయాల్సిన పద్ధతి ఇది: ప్రింటులో ఒకే ఒక్క గీతని చూడండి. దాని పొడవు, దిక్కు, రంగు మనసులో పెట్టుకోండి. బ్రష్ ఒక పక్కకి రంగు ఎత్తుకోండి, గరిటెతో నెయ్యి తీసుకున్నట్టు. ఆనించండి, లాగండి, ఎత్తేయండి. గుడ్డతో తుడవండి. తర్వాతి గీత చూడండి.

ఒక చూపు, ఒక గీత, ఒక తుడుపు. మొదట్లో నత్తనడకలా ఉంటుంది. పది గీతల తర్వాత చేతికి తాళం దొరుకుతుంది.

వేసిన గీతని మళ్లీ ముట్టకండి. నా మొదటి నకలులో బుగ్గ ఎముక మీద లేత ఆకుపచ్చ గీత ఒకటి చాలా బాగా పడింది. రెండంచులా రంగు గట్టు కట్టి, మధ్యలో బ్రష్ వెంట్రుకల చారలు, చారల సందుల్లోంచి కింది ఓకర్ తొంగిచూస్తూ. పక్క రంగుతో కలవలేదు కదా అని మెత్తని బ్రష్‌తో ఒక్కసారి నిమిరాను. గట్టు పోయింది, చారలు పోయాయి, రెండు రంగులూ కలిసి బూడిదరంగు మరక మిగిలింది. బుగ్గ చదునైపోయింది. ఆ గీత మళ్లీ అలా పడలేదు. రెండు రంగుల్ని పక్కపక్కన పెట్టి వదిలేస్తే, నాలుగడుగుల దూరంలో కన్నే కలుపుకుంటుంది. ఆ పని బ్రష్ చేయకూడదు.

గీత తప్పుపడితే? పైన ఇంకో గీత వేసి కప్పకండి. నైఫ్‌తో ఆ ఒక్కదాన్ని గీకేసి మళ్లీ వేయండి. ముఖమంతా బురదయిపోతే, న్యూస్‌పేపర్ ముక్క పరిచి అరచేత్తో అద్ది, మెల్లగా లాగేయండి. పైరంగు పేపర్‌తో వచ్చేస్తుంది, కింద నీడలాంటి బొమ్మ మిగులుతుంది. దాని మీద మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇది ఓటమి కాదు, నేను ప్రతి నకలులో కనీసం ఒకసారి చేస్తాను.

కళ్లు చివర్న. కనుగుడ్డు పూర్తి తెలుపు కాదు, పాలెట్ మీది లేత ఆకుపచ్చతో పోల్చి చూడండి. కంటికి మొత్తం పది, పన్నెండు గీతలు దాటితే ఎక్కువైనట్టే.

9. జుట్టు, గడ్డం, పాలెట్

నీలం పక్కన నారింజ. ఈ బొమ్మ వెలిగేది ఈ జంటతోనే. గడ్డంలో రంగు మందంగా పెట్టండి, బ్రష్ నిండా. పాలెట్ మీది రంగు ముద్దల్ని నిజంగానే ముద్దలుగా పెట్టేయండి, సరదాగా ఉంటుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

గది చీకటి చేసి, ఫోన్ టార్చిని బొమ్మ పక్క నుంచి ఏటవాలుగా వేయండి. రంగు గట్లు నీడలు పరుస్తాయి. ఆ నీడలు ముఖం వంపుల్ని అనుసరిస్తుంటే చెయ్యి సరైన దారిలో ఉంది. అంతా నున్నగా కనిపిస్తే పులిమేశారు. అన్నీ ఒకే దిక్కున ఉంటే బాణాల పేపర్ చూడడం మానేశారు.

తర్వాత మీ నకలుని ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి అసలు పక్కన పెట్టండి. ఎక్కువమందికి నీడలు తేలికైపోతాయి, నేపథ్యం తగినంత ముదురు రాదు. చివరగా బుగ్గ భాగంలో గీతలు లెక్కపెట్టండి, అసలులోనూ మీదాంట్లోనూ. మీవి రెట్టింపు ఉంటే బ్రష్ చిన్నదైంది, లేదా ధైర్యం చాలలేదు. ఈసారి ఒక నంబరు పెద్ద బ్రష్ పట్టండి.

పోలిక గురించి ఇక్కడ అడగలేదని గమనించే ఉంటారు. ముక్కు కాస్త పొడుగైనా ఈ నకలు పాసే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రంగు సాఫీగా సాగుతుందని నూనె పోయడం. గీత నిలవదు, ఆరాక ముడతలు పడుతుంది, పసుపెక్కుతుంది. నీడలకి నలుపు వాడడం: ఈ ముఖం నీడల్లో ఆకుపచ్చ ఉంది, నలుపు వేస్తే మసి పూసినట్టవుతుంది. మందపు పొర మీద మర్నాడు టర్పెంటైన్‌తో పలచటి పొర వేయడం కూడా చాలామంది చేస్తారు. పైది ముందు ఆరి, కిందది తర్వాత కదిలి, పగుళ్లిస్తుంది. పలచనిది కింద, చిక్కనిది పైన, ఎప్పుడూ ఈ వరసే. ఇక టర్పెంటైన్‌ని వంటింటి సింకులో పారబోయకండి. సీసాలో రెండురోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగుకి చేరుతుంది, పైది వంపుకుని మళ్లీ వాడుకోవచ్చు.

ఆరబెట్టడం

ఆయిల్ రంగు నీళ్లలా ఇంకిపోయి ఆరదు, గాలిలోని ఆక్సిజన్ పట్టి గట్టిపడుతుంది. పలచని చోట్ల కొన్ని రోజులు, మందపు చోట్ల వారాలు పడుతుంది. ఎండలో పెట్టి తొందరపెట్టకండి. బీరువా వెనక చీకట్లో కూడా వద్దు, లిన్‌సీడ్ చీకట్లో పసుపు తిరుగుతుంది. కోస్తాలో ఉన్నవాళ్లు వానాకాలంలో గోడకి ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా ఉంచండి, వెనక బూజు పట్టదు. తొలకరి వానలప్పుడు రాత్రిపూట ట్యూబ్‌లైట్ కింద తడి బొమ్మ పెట్టొద్దు, తెల్లారేసరికి ఉసిళ్ల రెక్కలన్నీ దానిమీదే. అతుక్కుంటే తడిమీద పీకకండి, ఆరాక సూదితో తీస్తే గీత చెదరదు. వార్నిష్ కనీసం ఆరు నెలలు, ఇంత మందపు రంగుకి ఏడాది ఆగి వేయడం మంచిది.

ఆయిల్ వీలుకాకపోతే

టర్పెంటైన్ వాసన పడనివాళ్లు, అపార్ట్‌మెంట్‌లో ఒకే గది ఉన్నవాళ్లు అక్రిలిక్‌లో హెవీ జెల్ (రంగుని చిక్కబరిచేది) కలిపి వేయొచ్చు. గట్లు నిలుస్తాయి. కానీ త్వరగా ఆరిపోతుంది కాబట్టి గీకి దిద్దే వీలు తక్కువ, ముఖాన్ని నాలుగు ముక్కలుగా విడగొట్టి ఒక్కోటీ పూర్తిచేయండి. రంగులంటే ఇంకా టెన్షన్‌గా ఉంటే, మొదటి నకలు తెలుపు, అల్ట్రామరీన్ రెండింటితోనే వేయండి. ఈ బొమ్మ నచ్చనివాళ్లు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వేసిన 'మాలే బాబే' ప్రయత్నించండి, బెర్లిన్‌లో ఉంది. 1869లో ఫ్రెంచ్ చిత్రకారుడు కూర్బే అంతటివాడు దానికి నకలు వేశాడు. అయితే అది తడి మీద తడి వేగంగా లాగిన బొమ్మ, రెండో నకలుకి బాగుంటుంది.

బోర్డు వెనక మాత్రం రాయడం మరవకండి: "వాన్ గో 1889 స్వీయచిత్రానికి నకలు", మీ పేరు, తేదీ. ముందువైపు ఆయన సంతకం వేయకండి. తర్వాత ఆ నకలుని పక్కన నిలబెట్టి, ఎదురుగా అద్దం పెట్టుకుని, అవే బ్రష్‌లతో, అదే ఒక చూపు ఒక గీత పద్ధతిలో మీ ముఖం మొదలుపెట్టండి. నకలు మీద రంగు పూర్తిగా ఆరకముందే మొదలుపెడితే మరీ మంచిది, చెయ్యి ఇంకా మరిచిపోయి ఉండదు.